గంప కింద అడుగులు

మెదక్‌లో చర్చి వెనక గల్లీకి పొద్దు పొడిచిందని చెప్పేది కోడి కాదు, భూలక్ష్మి చీపురు. ముందు తన ఇంటి ముందర ఊడ్చేది, ఆ వెంటనే పక్కింటి రాహేలమ్మ ముందర. రెండిళ్ళ మధ్య గోడ లేదు. వాకిలి ఒకటే, గడపలు రెండు. మోకాళ్ళు అరిగిపోయి వంగలేని రోజులు వచ్చాక రాహేలమ్మ, "నా దిక్కు గూడ నువ్వే చూస్కో బిడ్డా" అని చీపురు అప్పగించేసింది. ఊడ్చాక భూలక్ష్మి బకెట్లో పెండ కలిపి సానుపు చల్లేది. తన గడప ముందు మాత్రం ముగ్గేసేది.

చల్లేముందు ఒకసారి నేల చూసుకోవడం ఆ గల్లీలో ఆడవాళ్ళందరికీ అలవాటు. ఎందుకంటే అక్కడి నుంచి ఎవరు ఊరికి పోయినా వాళ్ళ అడుగులు తెల్లారేసరికి ఇంటికొస్తాయి. మనిషి అక్కడ ఉంటాడు, అడుగులు ఇక్కడ పడతాయి. నిన్న ఏ మట్టి తొక్కారో ఆ మట్టితోనే వస్తాయి. భూలక్ష్మి భర్త శ్రీనివాస్ డీసీఎం బండి నడుపుతాడు. అతను లోడేసుకుని రామాయంపేట దాటిపోయిన రోజుల్లో వాకిట్లో డీజిలు వాసన చెప్పుల గుర్తులుండేవి. రేగోడ్ దిక్కు పత్తి ఏరడానికి పోయిన వాళ్ళవి నల్లమట్టితో వచ్చేవి. మొదట గల్లీ మొగదలలో పడి, రోజురోజుకూ గడప వైపు జరిగి, గడపను తాకిన రోజున మనిషి బస్సు దిగేవాడు.

ఆ మనిషి ఇల్లు చేరేదాకా ఆ అడుగుల మీద చీపురు పడకూడదు, సానుపు పడకూడదు. మబ్బు పట్టిందంటే ఇంటింటి నుంచీ గంపలు బయటికొచ్చేవి. ఒక్కో అడుగు మీద ఒక్కో గంప బోర్లించేవాళ్ళు, కోడిపిల్లల మీద బోర్లించినట్టు.

ఎందుకింత జాగ్రత్త అంటే గల్లీ చివరి గాలయ్యను చూపిస్తారు. అతని తమ్ముడు బొంబాయికి పనికి పోయినప్పుడు పెద్దవాన వచ్చి అడుగులు కొట్టుకుపోయాయి. తమ్ముడు బతికే ఉన్నాడు, బాగానే ఉన్నాడు, పండుగ పండుగకు ఫోన్ చేస్తాడు. "వచ్చే నెల వస్త అన్నా" అంటాడు. టికెట్టు కూడా కొంటాడు. కాళ్ళు మాత్రం ఇటు తిరగవు.

రాహేలమ్మ కూతురు ప్రిస్కిల్లా, భూలక్ష్మి ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. పెద్దయ్యాక పక్కింటి శ్రీనివాస్‌కు భూలక్ష్మిని చూపించింది ప్రిస్కిల్లానే. "లేకపోతె నువ్వు ఏ ఊరికో పోతవ్, నాకెవలుంటరే?" అంది. ఇద్దరి పాదాలదీ ఒకటే కొలత. బడిలో ఇద్దరికీ కలిపి ఒకే జత క్యాన్వాస్ బూట్లు. ఒకరు పరుగెత్తి వస్తే ఇంకొకరు తొడుక్కునేవారు. పదో తరగతిలో జిల్లా ఆటల రోజున ఇద్దరి పేర్లూ ఒకే పందెంలో పడ్డాయి. బూట్లు ప్రిస్కిల్లా తొడుక్కుంది. భూలక్ష్మి ఉత్తకాళ్ళతో ఉరికి, రాయి తగిలి కుడికాలి బొటనవేలు విరిగినా రెండో స్థానంలో వచ్చింది. వేలు వంకరగా అతికింది. ప్రిస్కిల్లా ఆ పరుగు పట్టుకుని పోయి హవేలిఘనపూర్ బడిలో ఆటల టీచరైంది. భూలక్ష్మి పాత బస్టాండు దగ్గర బ్యాగులు కుట్టే దుకాణం పెట్టి మిషను తొక్కుతోంది. ఆ బూట్ల గురించి ఇద్దరూ ఎన్నడూ పోట్లాడుకోలేదు. పోట్లాడుకుని ఉంటే బాగుండేది.

ప్రిస్కిల్లాకు దసరా సెలవులు వస్తే కాలు నిలవదు. వీపుకు సంచి తగిలించుకుని కొండలో అడవులో పట్టుకుని నడుస్తుంది, రాత్రి చిన్న టెంటేసుకుని పడుకుంటుంది. ఈసారి సముద్రం. కర్ణాటకకు ఆ చివర పడమటి ఒడ్డున, కొండలు నేరుగా నీళ్ళలోకి దిగే చోట, బండి పోయే తోవ లేదు, ఊళ్ళు లేవు. కొండ ఎక్కి దిగితే ఒక ఇసుక ఒడ్డు, మళ్ళీ ఎక్కి దిగితే ఇంకో ఒడ్డు. కొబ్బరిచెట్ల కింద పడుకోవడం, వాగు నీళ్ళు కాచుకు తాగడం, ముందుకు నడవడం.

"నేను గూడ వస్తనే" అంది భూలక్ష్మి ఉగాదికే. ఆమె సముద్రం చూడలేదు. బడిలో పటం మీద నీలిరంగు పెన్సిలుతో పూసింది అంతే. ఆ నీలం గుర్తొచ్చిందేమో, పారాచూట్ గుడ్డ తెప్పించి రెండు బ్యాగులు కత్తిరించింది. ప్రిస్కిల్లాకు నారింజ, తనకు నీలం. నడుముకు బెల్టు, పక్కన నీళ్ళ సీసాకు జేబు, వీపుకు చెమట పట్టకుండా స్పాంజి. నెలల తరబడి, గిరాకీ లేని మధ్యాహ్నాలన్నీ ఆ రెండు సంచుల మీదే పోయాయి.

సెలవులు దగ్గర పడ్డాక భూలక్ష్మికి గుండె జారింది. ఆడబిడ్డలు బతుకమ్మకు వస్తామని ఫోన్ చేశారు.

"గీ ఏడు గాదులే ప్రిసీ" అంది. "పండుగకు ఇంటి కోడలు లేకపోతె ఏమంటరే? వచ్చే ఏడు ఇద్దరం పోదం."

ఎవరూ ఏమీ అనకముందే తనే అనేసింది. శ్రీనివాస్‌ను అడగను కూడా లేదు. తను ఆగితే ప్రిస్కిల్లా కూడా ఆగుతుందనుకుంది. పైకి అనలేదు కానీ మనసులో లెక్క అదే.

ప్రిస్కిల్లా "సరే తియ్" అంది. వారం తిరక్కముందే దుకాణానికి వచ్చింది.

"భూలీ, నీలం బ్యాగ్ ఇయ్యవే."

"ఎందుకు?"

"మహతి వస్తనంటుంది. పాపం, మంచి బ్యాగ్ లేదు పిల్లకు."

మహతి అదే బడిలో లెక్కల టీచరు. కిందటేడు హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చి, రాహేలమ్మ ఇంటి మీది గదిలో కిరాయికుంటోంది. నవ్వితే నవ్వుతూనే ఉండే పిల్ల. భూలక్ష్మిని అక్కా అంటుంది.

భూలక్ష్మి మిషను ఆపలేదు. "గా గోడ మొలకు ఉన్నది. తీస్కపో" అంది. మళ్ళీ లేచి తనే తీసింది. జిప్పు ఒకచోట పట్టేస్తుంటే కొవ్వొత్తి ముక్క తీసి పళ్ళకు రుద్ది, రన్నరును అటూ ఇటూ లాగి చూసింది. సాఫీగా పోయింది.

"నువ్వు దేవతవే" అంది ప్రిస్కిల్లా.

ఆ మాట భూలక్ష్మికి వారం దాకా అరగలేదు.

వాళ్ళు పోయాక తోవలో ఆఖరి ఊరి నుంచి ఒక ఫోను వచ్చింది. ఆ తర్వాత సిగ్నల్ లేదు. ఇక వార్తంటే వాకిలే.

మర్నాడు చీపురు పట్టుకుని బయటికి రాగానే గల్లీ మొగదలలో తెల్లటి ఇసుక మెరిసింది. మెదక్‌లో అలాంటి ఇసుక ఎక్కడా లేదు. రెండు జతల బూట్ల గుర్తులు పక్కపక్కన. అద్దెకున్నా అడుగుల లెక్కలో ఇల్లు ఇల్లే, కాబట్టి మహతివి కూడా రాహేలమ్మ గడప వైపే వచ్చాయి. పాల క్యాన్ల బండి వాటిని తప్పించి పక్కగా పోయింది. రాహేలమ్మ గడపలో కుర్చీ వేసుకుని చూసి, "ఉప్పువాసన మంచిగుంది" అంది.

రెండో పొద్దుకు బూట్లు లేవు. ఉత్త పాదాలు. ప్రిస్కిల్లావి పెద్దవి, మడమ లోతుగా దిగినవి. మహతివి చిన్నవి, పక్షిపాదాల్లా. భూలక్ష్మి చీపురు ఆన్చుకుని వాటిని చదివింది. ఇక్కడ ఇద్దరూ ఉరికినట్టుంది, మునివేళ్ళే దిగాయి. ఇక్కడ అల వచ్చింది, అంచులు కరిగాయి. ఇక్కడ చిన్నపాదం ఒకటే ఉంది, రెండోది లేదు. మహతి కాలికి ముల్లో గవ్వో గుచ్చుకుంటే ప్రిస్కిల్లా పట్టుకుని నిలబెట్టి తీసింది. పెద్దపాదాలు రెండూ ఎదురుగా గట్టిగా ఆనుకుని ఉన్నాయి.

పందెంలో తన వేలు విరిగిన రోజు ప్రిస్కిల్లా గీత దాటేదాకా వెనక్కి తిరగలేదు.

ఎవరూ చూడటం లేదని భూలక్ష్మి చెప్పు విడిచి ప్రిస్కిల్లా అడుగు మీద తన పాదం ఆన్చి చూసింది. ఇప్పటికీ అదే కొలత. చల్లటి తడి ఇసుక అరికాలిని పట్టుకుంది. చటుక్కున కాలు తీసేసుకుంది, ఎవరిదో కంచంలో చెయ్యి పెట్టినట్టు.

ఆ రోజంతా దుకాణంలో సూదులు విరిగాయి. స్కూలు బ్యాగుకు జేబు తలకిందులుగా కుట్టింది. ఇంటికొచ్చిన ఆడబిడ్డ లలిత, "ఏంది వదినే, మొఖం గట్ల పెట్టినవ్? మేమొచ్చినమనా?" అని వెక్కిరించింది.

"మీరొస్తె నాకేంది? గునుగుపూలు ఏరుడు అయిందా?"

మర్నాటి పొద్దుటికి అడుగులు గల్లీ సగం దాటాయి. ఆ ఇసుకలో ఒకచోట చతికిలబడిన గుర్తులున్నాయి, ఆనుకుని కూర్చున్నవి. పక్కన నెగడు బూడిద. బూడిద పక్కన, పడకేసే ముందు ఇద్దరూ దించినట్టుంది, రెండు సంచుల అడుగుభాగాల అచ్చు. ఒకదాని మీద తను రెండు వరుసలుగా వేసిన కుట్టు, ఒక్కో పోగు లెక్కపెట్టేంత స్పష్టంగా పడింది. తన నీలం సంచి సముద్రం పక్కన పడుకుంది. తను పెండ బకెట్ పట్టుకుని నిలబడింది.

భూలక్ష్మి చేయి బకెట్లో ముంచింది.

అన్నీ కాదు. ప్రిస్కిల్లా అడుగులను ఒక్క చుక్క తాకకుండా, మధ్యమధ్యలో ఉన్న చిన్నపాదాల మీదే చల్లింది. మిషను మీద ఏళ్ళ తరబడి గీత తప్పకుండా కుట్టిన చేయి, అది గురి తప్పదు. చల్లి, వాటి మీంచి రాహేలమ్మ గడప దాకా ముగ్గు వేసింది. బతుకమ్మ రోజులు కాబట్టి ఎవరూ అనుమానపడలేదు. తీగలు, పువ్వులు, తామరలు. ఆమె జీవితంలో అంత అందమైన ముగ్గు వేయలేదు.

రాహేలమ్మ గడపలో నుంచి చాలాసేపు చూసింది. "మంచిగేసినవ్ బిడ్డా" అంది. కుర్చీ లోపలికి లాక్కుంది.

మర్నాడు ప్రిస్కిల్లా అడుగులు ఒక్కటే వచ్చాయి.

అవి వచ్చిన తీరు చూసి గల్లీలో ఆడవాళ్ళు చీపుర్లు ఆపారు. నేరుగా రాలేదు. ముందుకు పోయి, వెనక్కి మళ్ళి, పక్కకు తిరిగి, రాయి ఎక్కి దిగి, ఉరికి ఆగి, ఒకే చోట సుడి తిరిగాయి. ఇసుకలో ఎండుటాకులు, ముళ్ళు కలిసి ఉన్నాయి. గడప వైపు ఒక్క అడుగు కూడా జరగలేదు.

"మా ప్రిస్కిల్లా ఎవలనో ఎతుకుతుంది" అంది రాహేలమ్మ. భూలక్ష్మి వైపు చూడలేదు. "గా పిల్లకు తల్లి లేదు. తండ్రి ఒక్కడే. నిన్న ఫోన్ జేసిండు, మా బిడ్డ అడుగులు మంచిగొస్తున్నయా అమ్మా అని. నేనేం జెప్పాలె?"

భూలక్ష్మి చీపురు కింద పెట్టేసింది. ఆమె కోరుకున్నది అది కాదు. మహతి సముద్రం నుంచి మాయం కావాలనుకుంది కానీ, ఎక్కడికి పోవాలో ఆలోచించలేదు. గాలయ్య తమ్ముడిలా ఆ పిల్ల కూడా ఏ కొండ మలుపులోనో నిలబడి, వస్తా వస్తా అనుకుంటూ, కాళ్ళు ఇటు తిరక్క తిరుగుతూ ఉంటుందా? ఆ అడవిలో ఫోను కూడా లేదు, వచ్చే నెల వస్తానని చెప్పడానికి.

ఆమె గల్లీ చివరికి ఉరికింది. గాలయ్య అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు.

"తాతా, అడుగులు పోతే మళ్ళ తెప్పించేటట్టు ఏం లేదా?"

గాలయ్య ఆమె మొహం చూశాడు, చేతి గోళ్ళలో ఎండిన పెండ చూశాడు.

"ఉన్నది. మా నాయిన జెప్పిండు. ఇంటికొచ్చే అడుగు పోతె ఇంటినించి పోయే అడుగు పంపాలె. గడప కాడ మొదలుపెట్టి, చెరిగిన జాగ మీదికెల్లే ఎదురు నడువాలె. ఎనుకకు సూడొద్దు. అదే తోవల మళ్ళి రావొద్దు."

"మరి నువ్వెందుకు పోలే, తమ్ముని కోసం?"

గాలయ్య చుట్ట ఆరిపోయింది. "వాడు బొంబాయి సూస్తుండు, నేను గీ ఎండిన మడి సూస్తున్న. ఉండనియ్, జర తిప్పలు పడనియ్ అనుకున్న. రేపు పోత, ఎల్లుండి పోత అనుకున్న." చుట్ట అరుగు మీద పెట్టి, "నువ్వు ఇయాల్నే పో" అన్నాడు.

భూలక్ష్మి చెప్పులు విడిచి రాహేలమ్మ గడప మీద నిలబడింది. తన ముగ్గు మీదే మొదటి అడుగు వేసింది. తామర సగం చెదిరింది. రెండో అడుగుకు నేల మెత్తబడింది. మూడో అడుగుకు ఇసుక.

కళ్ళకు మాత్రం గల్లీయే కనబడుతోంది. రాహేలమ్మ జామచెట్టు, కరెంటు స్తంభం, కిరాణా దుకాణం ముందు వేలాడే చిప్స్ ప్యాకెట్ల దండ. సముద్రం పాదాలకే తగులుతోంది. చీలమండ దాకా చల్లటి నీళ్ళు వచ్చి, కాళ్ళ కింది ఇసుకను తోడుకుని వెనక్కి పోయాయి. ఆమె తూలి స్తంభం పట్టుకుంది.

"ఏం చెల్లె, చీర తడిసింది?" కిరాణా దుకాణం రాజేందర్ అడిగాడు.

"అల కొట్టిందన్నా."

"జర సూసి నడు. రాళ్ళ మీద నాచు ఉంటది" అని అతను చక్కెర తూయడంలో పడ్డాడు.

రాళ్ళు కూడా వచ్చాయి. పదునైనవి, గుల్లలు అతుక్కున్నవి. వంకర బొటనవేలు మళ్ళీ ఒకదానికి తగిలింది. పాత నొప్పి కొత్తగా లేచింది. అయినా ఆగలేదు. తర్వాత నిటారుగా ఎక్కుడు, ఎండుటాకులు, వేర్లు, జారే మట్టి. గల్లీ మాత్రం చదునుగానే ఉంది. ఆమె మోకాళ్ళు పైకెత్తి ఆయాసపడుతూ నడుస్తుంటే ఎదురొచ్చిన వాళ్ళు తోవ ఇచ్చారు. ఇంత దూరం వచ్చి కూడా సముద్రం చూడలేకపోతున్నానని ఆమెకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో కూడా సగం కుళ్ళే. అక్కడ దారి తప్పిన పిల్ల అయినా దాన్ని చూస్తోంది కదా అనుకుంది. అనుకున్నందుకు పళ్ళు కొరుక్కుని ఇంకో అడుగు వేసింది.

గల్లీ మొగదలకు కాస్త ఇవతల, అరికాళ్ళకు మెత్తటి గడ్డి తగిలింది. పక్కనే వెచ్చగా ఏదో ఉంది, ఎవరో ముడుచుకుని కూర్చున్నట్టు. కనబడలేదు. భూలక్ష్మి అక్కడ కాసేపు నిలబడింది. తర్వాత రోడ్డెక్కి, చర్చి ముందు నుంచి చుట్టు తిరిగి, వేరే సందులోంచి ఇల్లు చేరింది. వాకిట్లో నిలబడి చూస్తే గల్లీలో ఆమె అడుగు ఒక్కటీ లేదు. నేల పొడిగా ఉంది.

ఆ మర్నాడు అందరికంటే ముందు లేచిన రాహేలమ్మ, "బిడ్డా, రా" అని కేకేసింది.

వాకిలి నిండా ఇసుక. గడప నుంచి బయటికి పోతున్న పెద్దపాదాలు, కుడి బొటనవేలు వంకరవి. వాటి మీద, ఒక్కోదానిలో ఒక్కోటి కూర్చున్నట్టు, ఎదురుగా ఇంటి వైపు వస్తున్న చిన్నపాదాలు. పక్కనే ప్రిస్కిల్లావి. చిన్నపాదాలూ ప్రిస్కిల్లావీ రాహేలమ్మ గడప తాకి ఆగాయి.

సాయంత్రానికి ఇద్దరూ దిగారు. ఎండకు నల్లబడ్డారు, పెదవులు పగిలాయి. మహతి వస్తూనే రాహేలమ్మ పక్కన కూలబడింది.

"కొండ మీద నేను వెనకబడ్డా పెద్దమ్మా. ముందున్న అడుగులు ఉన్నట్టుండి మాయమైనయి. ఏ దిక్కు తిరిగినా అదే చెట్టు. ఒక రాత్రి అక్కడే ఉన్నా. తెల్లారి మధ్యాహ్నం దాకా ఏడ్చుకుంటూ కూర్చుంటే, పక్కన గడ్డి అణిగింది. చూస్తే అడుగులు. నా దగ్గరిదాకా వచ్చి ఆగినయి, ముందుకు పోలే. అంటే ఎక్కడి నుంచి వచ్చినయో అటు పోవాలన్న మాట అనుకుని వాటినే పట్టుకుని దిగితే ప్రిస్కిల్లా అక్క ఎదురైంది. ఎవరో గాని మస్తు నడిచే మనిషి. ఎక్కడా కూర్చోలేదు, ఎక్కడా జారలేదు."

ప్రిస్కిల్లా అప్పటికే వాకిట్లో వంకర బొటనవేలు గుర్తు దగ్గర కూర్చుని ఉంది. మహతి స్నానానికి పైకి పోయాక అడిగింది.

"గా పిల్ల అడుగులు నువ్వే కడిగినవా?"

"కడిగిన."

"నాయెందుకు కడగలే?"

"నువ్వు రావాలె గద" అంది భూలక్ష్మి.

ప్రిస్కిల్లా చెంప మీద కొట్టినట్టే చూసింది. "గా పిల్ల చచ్చిపోతే?"

"నేనేం బతుకుదును?" అంది భూలక్ష్మి. "నా బ్యాగ్ ఇచ్చినవే నువ్వు. నేను రానంటె ఒక్క మాట, ఆగుత అనలేకపోయినవ్."

"ఎన్నేండ్లు ఆగాలెనే? నువ్వు ఎప్పుడు వచ్చే ఏడు అంటవ్. ఇంట్ల ఎవలు ఏమనకముందే నువ్వే అంటవ్. ఆ మాట పాతికసార్లు విన్న నేను."

ఇద్దరూ చాలాసేపు పోట్లాడుకున్నారు. బూట్ల దాకా పోయింది పోట్లాట. గల్లీ వాళ్ళు వింటూ అన్నాలు తిన్నారు. చివరికి ఇద్దరికీ గొంతులు పోయాక, ప్రిస్కిల్లా ఆ వంకరవేలు అడుగును వేలితో తాకి, మెల్లగా అంది:

"నేను ఇన్ని కొండలు తిరిగితిని. నా అడుగులు ఎప్పుడూ ఇంటికే వచ్చినయి. నీయి సముద్రానికి పోయినయి."

ఆ గొంతులో ఉన్నదేమిటో భూలక్ష్మికి బాగా తెలుసు. అది తనలో అన్ని రోజులూ కాపురమున్నదే.

అప్పటి నుంచి భూలక్ష్మి ఎక్కడ కూర్చుని లేచినా అక్కడ చిటికెడు తెల్లని ఇసుక ఉండేది. మిషను పెడలు కింద, మంచం కింద, పొయ్యి దగ్గర. మహతికి ఆమె తనంతట తనే సంగతి చెప్పింది. మహతి కొన్ని నెలలు మాట్లాడలేదు, గడపకు అవతలి నుంచి పోయేది. ఒక పొద్దున నీలం సంచి తెచ్చి మిషను మీద పెట్టి, "ఇది నీది. నాకు ఇంకొకటి కుట్టియ్యి. నడుము బెల్టు జర వదులుగా" అంది.

దసరా మళ్ళీ వచ్చేసరికి శ్రీనివాస్ మంచం కింది ఇసుకను చాటలోకి ఎత్తుతూ, "అడుగులు ముందే పోయినంక ఇంక నేనేమంట? మనిషి పోకుంటె ఎట్ల? పోయిరా. చెల్లెండ్లకు నేను జెప్పుకుంట" అన్నాడు.

కానీ ఆ నెలలోనే రాహేలమ్మ మోకాళ్ళ ఆపరేషన్ పడింది. దవాఖాన నుంచి వచ్చాక కూతురు పక్కనే ఉండాలి. ప్రిస్కిల్లా ఉండిపోయింది. భూలక్ష్మి, మహతి బయలుదేరారు.

"ప్రిసీ, నీ టెంటియ్యవే. మాకు కొన్నది జర చిన్నగుంది" అని అడిగింది భూలక్ష్మి.

"దాని జిప్పు ఖరాబైంది."

భూలక్ష్మి ఊళ్ళో సగం జిప్పులు బాగుచేసే మనిషి. ఆ టెంటు జిప్పు కిందటి నెలే చూసింది. "ఔనా, సరే తియ్" అని ఊరుకుంది.

ఇప్పుడు చీపురు ప్రిస్కిల్లా చేతికి వచ్చింది. రెండు గడపలు, ఒకటే వాకిలి. మొదటి పొద్దునే గల్లీ మొగదలలో తెల్ల ఇసుక మెరిసింది. మర్నాడు ఉత్త పాదాలు. వంకరవేలు పాదం ఒకచోట కదలక మెదలక, మడమలు దిగబడిపోయేదాకా నిలబడింది. అలలు వచ్చి పోయిన గీతలు దాని చుట్టూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మొదటిసారి సముద్రం చూసింది అక్కడే అని ప్రిస్కిల్లాకు అర్థమైంది. ఆ ఘడియ పక్కన తను ఉండాల్సింది. చిన్నపాదాలు ఉన్నాయి.

బకెట్లో సానుపు కలిపి ఉంది. ఆమె బకెట్ వైపు చూసింది. లోపల్నుంచి రాహేలమ్మ, ఏమీ అడగకుండానే, దగ్గింది.

మూడో రోజు పొద్దున్నే మబ్బు పట్టింది. బంగాళాఖాతంలో వాయుగుండమట. గల్లీలో గంపల కోసం ఉరుకులు మొదలయ్యాయి. ప్రిస్కిల్లా ఇంట్లో ఉన్నవి, భూలక్ష్మి ఇంట్లో ఉన్నవి, గాలయ్య కోళ్ళ గంపతో సహా తెచ్చి బోర్లించింది. ముందు చిన్నపాదాల మీద. గంపలు అయిపోయాయి. నిలబడి సముద్రం చూసిన ఆ రెండు అడుగులూ, వాటి చుట్టూ ఉన్నవీ మిగిలిపోయాయి. మొదటి చినుకు ముగ్గు మీద పడి మచ్చయింది.

ఆమె లోపలికి పోయి తన టెంటు తెచ్చింది. కడ్డీలు జతచేసి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, మిగిలిన అడుగుల మీద గల్లీలోనే నిలబెట్టింది. అడుగు గుడ్డ పక్కకు మడిచి, తను లోపల ఒక అంచున మోకాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చుంది. వాన పెద్దదయింది. గుడ్డ మీద పడుతున్న చప్పుడు ఒడ్డుకు కొట్టుకునే నీళ్ళ చప్పుడులాగే ఉంది. ఎదురుగా ఇసుకలో వంకర బొటనవేలు. ఆమెకు లోపల కారం పూసినట్టు మండుతూనే ఉంది. మండుతుండగానే, జల్లు లోపలికి కొట్టకుండా, జిప్పు పట్టుకుని లాగింది. ఎక్కడా పట్టకుండా చివరిదాకా పోయింది.

గాలయ్య నెత్తిన గోనెసంచి కప్పుకుని అటు పోతూ ఆగాడు.

"ఏం బిడ్డా, సముద్రం కాడికి పోలేదని ఈడ్నే క్యాంపు పెట్టినవా?"

"ఔ తాతా" అంది ప్రిస్కిల్లా లోపల్నుంచి. "జర పక్కకెల్లి నడు. అడుగులున్నయి."